చించిల్లాకు తోడు తెచ్చాం, కొట్టుకుంటున్నాయి

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా పాపకు తొమ్మిదేళ్లు. మూడేళ్లుగా మా ఇంట్లో ఒక మగ చించిల్లా ఉంది, అంటే ఎలుకల కోవకు చెందిన, ఒత్తైన బొచ్చున్న చిన్న పెంపుడు జంతువు. బూడిద రంగు, పేరు బూంది. పగలంతా ఒంటరిగా పడి ఉంటుంది, దానికి తోడు కావాలని పాప అడుగుతూనే ఉంది. ఈమధ్య తెలిసినవాళ్లు ఇండియాకు తిరిగి వెళ్లిపోతూ తమ చించిల్లాను మాకు ఇచ్చారు. తెల్లది, ఆడదని చెప్పారు, ఏడాది దాటిందట. రవ్వ అని పేరు పెట్టుకున్నాం. రెండూ ఒకే జాతి, పైగా ఒకటి ఆడ, ఒకటి మగ, ఇట్టే కలిసిపోతాయనుకుని ఆ సాయంత్రమే రవ్వను బూంది కేజ్‌లో వదిలాం. నిమిషం గడవక ముందే అరుపులు, పరుగులు, కేజ్ నిండా వెంట్రుకల కుచ్చులు. మావారు టవల్ వేసి విడదీశారు. ఇప్పుడు రవ్వ పక్క గదిలో, దానితో పాటు వచ్చిన కేజ్‌లో ఉంది. పాప ఏడుస్తోంది. మావారు దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామంటున్నారు. ఇవి ఎప్పటికైనా కలుస్తాయా? ముక్కుకు వెనీలా ఎసెన్సు రాస్తే కలుస్తాయని ఒకరు చెప్పారు, నిజమేనా? పాప కిస్‌మిస్ ఆశ చూపించి మచ్చిక చేస్తానంటోంది. ఇంట్లో ఏసీ 78 డిగ్రీల (ఫారెన్‌హీట్) మీద పెడతాం. డిసెంబరులో హైదరాబాద్ వస్తున్నాం, ఆలోపు రెండింటినీ ఒకే కేజ్‌లోకి చేర్చగలమా?
– ఒక పాఠకురాలు

సమాధానం: కలవవచ్చు, కలవకపోవచ్చు. కలిపి తీరే మంత్రం నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు. అందుకే మొదట ఒక షరతు చెబుతాను. రెండో కేజ్ మీ ఇంట్లో శాశ్వతంగా ఉండాలి. ‘కలిసేదాకా ఉంచి తర్వాత అమ్మేద్దాం’ అనే లెక్క పనికిరాదు. రెండు కేజ్‌లకు చోటు, ఖర్చు, శుభ్రం చేసే ఓపిక ఉంటే రవ్వను ఉంచుకోండి. లేదంటే మీవారు అన్నదే సరైన మాట, మంచి ఇల్లు చూసి ఇప్పుడే ఇచ్చేయండి. ఏళ్ల తరబడి కలిసి ఉన్న జంటలు కూడా ఒక రోజు ఉన్నట్టుండి కొట్టుకుని, ఆ తర్వాత మళ్లీ కలవకుండా పోయిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి రాత్రి పూట రెండో కేజ్ కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

అన్నిటికంటే ముందు రెండింటి ఒళ్లూ చూడండి. కేజ్ నిండా వెంట్రుకలు చూసి మీరు బెదిరిపోయి ఉంటారు గానీ, వాటి వల్ల అంత ప్రమాదం లేదు. శత్రువు పట్టుకున్న చోట చించిల్లా వెంట్రుకలను గుత్తిగా వదిలేసి తప్పించుకుంటుంది. కింద చర్మం నున్నగా, గాయం లేకుండా ఉంటే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తాయి. భయపడాల్సింది కనిపించని కాటు గురించి. వీటికి ఒక్కో రంధ్రం నుంచి యాభైకి పైగా వెంట్రుకలు వస్తాయి. అంత ఒత్తైన బొచ్చు కింద పంటి గాటు దాగి ఉండి, నాలుగు రోజుల తర్వాత చీము గడ్డగా బయటపడుతుంది. అందుకని వేలితో తడిమి చూడాలి. చెవుల అంచులు, కాలి వేళ్లు, తోక మొదలు, నడుము పక్కలు ముఖ్యం. రెండూ గడ్డి మామూలుగా తింటున్నాయా, పెంటికలు మామూలు సైజులో పడుతున్నాయా గమనించండి. ఏదైనా పూట తిండి మానేసినా, పెంటికలు చిన్నవై తగ్గిపోయినా మర్నాటి దాకా ఆగవద్దు. వీటి పేగులు ఆగిపోతే పరిస్థితి చాలా వేగంగా చేయిదాటుతుంది.

ఇక ఎందుకు కొట్టుకున్నాయో చూద్దాం. చించిల్లాలు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల జంతువులు. అడవిలో మిగిలినవి ఇప్పుడు ప్రధానంగా చిలీలో, రాళ్ల సందుల్లో గుంపులుగా బతుకుతున్నాయి. ‘గుంపు జంతువు కాబట్టి తోడు కావాల్సిందే’ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. గుంపులోని జంతువులు మాత్రం ఒకదాని వాసన ఒకటి ఎరిగినవి. మీ బూందికి రవ్వ వాసన తెలియదు. మూడేళ్లుగా తనదే అయిన కేజ్, తన అరలు, తన మూత్రం వాసన ఉన్న చెక్క ముక్కలు, వాటి మధ్యలోకి కొత్తది దిగింది. మీరు వంట చేసుకుంటుంటే ముక్కూ ముఖం తెలియని మనిషి సంచీతో లోపలికి వచ్చి పక్క పొయ్యి వెలిగిస్తే మీరేం చేస్తారు? బూంది చేసిందీ అదే. దాన్ని కోపిష్టిదని అనుకోవద్దు, రవ్వను గయ్యాళిదనీ అనుకోవద్దు.

‘ఆడ, మగ కాబట్టి సులభం’ అనుకున్నారు చూడండి, చించిల్లాల విషయంలో ఆ లెక్క కుదరదు. వీటిలో సాధారణంగా ఆడది మగదానికంటే పెద్దది, పెత్తనమూ దానిదే. నచ్చకపోతే వెనక కాళ్ల మీద నిలబడి గురిచూసి మూత్రం చిమ్ముతుంది, అప్పటికీ వెళ్లకపోతే కరుస్తుంది. ఇది బాగా తెలిసినవాళ్లు బొచ్చు వ్యాపారులు. ఇళ్లలో పెరుగుతున్న చించిల్లాల్లో చాలా వాటి వంశం 1923లో మథయాస్ చాప్‌మన్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజినీరు చిలీ నుంచి కాలిఫోర్నియాకు తెచ్చిన కొద్దిపాటి జంతువుల దాకా వెళుతుంది. ఆయన ఉద్దేశం ఇళ్లలో ముచ్చటకు పెంచుకోవడం కాదు, బొచ్చు వ్యాపారం. ఆ ఫారాల్లో ఆడవాటిని వరుసగా వేర్వేరు గదుల్లో ఉంచి, వెనక ఒక సన్నటి దారి పెట్టేవారు. ఆడదాని మెడకు ఒక పట్టీ ఉంటుంది, దానివల్ల అది గది ద్వారం దాటలేదు. మగది మాత్రం ఆ దారిలోంచి ఏ గదిలోకైనా వెళ్లగలదు, తరిమితే తప్పించుకుని బయటికి రాగలదు. జంతువుల మీద ప్రేమతో పుట్టిన ఏర్పాటు కాదిది, తక్కువ మగవాటితో ఎక్కువ పిల్లల్ని తీయడానికి, ఆ మగవి చచ్చి నష్టం రాకుండా ఉండడానికి పుట్టింది. పారిపోయే దారి లేకుండా ఆడ, మగను ఒకచోట పెట్టకూడదన్న పాఠం మాత్రం అందులో ఉంది. మీ కేజ్‌లో ఆ సాయంత్రం ఆ దారి లేదు.

అసలు రవ్వ ఆడదేనా? ‘చెప్పారు’ అని రాశారు. వీటిలో ఆడా మగా పోల్చుకోవడంలో పొరబాట్లు చాలా ఎక్కువ. ఆడదానికి కూడా మూత్రం పోసే చోట చిన్న మొన ఉంటుంది, చూసినవాళ్లు దాన్ని మగదనుకుంటారు. తేడా తెలిసేది ఆ మొనకూ మలద్వారానికీ మధ్య దూరంలో. ఆడదానికి రెండూ దాదాపు ఆనుకుని ఉంటాయి, మగదానికి మధ్యలో స్పష్టమైన ఖాళీ ఉంటుంది. రెండింటినీ చూపించి తేల్చుకోండి. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే డాక్టరు కాకుండా ఎక్సోటిక్స్ (ఇలాంటి అరుదైన పెంపుడు జంతువులు) చూసే వెట్ దగ్గరికి వెళ్లండి. డాలస్ చుట్టుపక్కల దొరుకుతారు.

నిజంగానే ఆడ, మగ అయితే, బూందికి ఆపరేషన్ చేయించనిదే రెండూ ఒక కేజ్‌లోకి వెళ్లకూడదు. ఇందులో నేను మెత్తబడను. చించిల్లా గర్భం సుమారు 111 రోజులు. ఈనిన వెంటనే మళ్లీ కట్టగలదు. పిల్లలు కళ్లు తెరుచుకుని, బొచ్చుతో పుడతాయి, ఎంతో ముద్దుగా ఉంటాయి, కొన్ని రెండు మూడు నెలలకే ఈడుకు వచ్చేస్తాయి. తల్లి, పిల్ల అన్న విచక్షణ వాటికి లేదు. పాపకు ముచ్చటగా ఉంటుందని ఒక ఈతకు ఒప్పుకున్నారంటే ఏడాది తిరిగేసరికి కేజ్‌లు కొనడమే మీ పని అవుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా మగదానికి కొన్ని వారాల పాటు పిల్లలు పుట్టించే శక్తి ఉంటుంది, ఎన్నాళ్లు ఆగాలో ఆ డాక్టరునే అడగండి. మత్తు ఇవ్వడంలో ఉండే ప్రమాదం గురించి కూడా అడగండి. ఆ ప్రమాదం వద్దనుకుంటే విడివిడి కేజ్‌లే సమాధానం, అందులో నామోషీ ఏమీ లేదు.

ఆ ఒక్క నిమిషంలో గర్భం వచ్చి ఉంటుందని నేననుకోను. అయినా వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒక గిన్నె పెట్టి, వారానికోసారి రవ్వ బరువు గ్రాముల్లో రాయండి. పెరిగిన చించిల్లా సాధారణంగా 400 నుంచి 600 గ్రాములు తూగుతుంది. బరువు పట్టిక గర్భానికే కాదు, కొత్త ఇంట్లో దిగులుతో తిండి తగ్గించిందో లేదో చెప్పడానికీ పనికొస్తుంది. ఈ పని పాపకు అప్పగించండి.

ఇప్పుడు రవ్వ పక్క గదిలో ఉంది కదా, అక్కడే ఉండనివ్వండి. కనీసం రెండు నుంచి నాలుగు వారాలు. ఎలాగూ ఒకసారి తగిలాయి కదా, ఇంకెందుకు అనకండి. తామర లాంటి చర్మ వ్యాధి ఒకదాని నుంచి ఒకదానికి, వాటి నుంచి పాప చేతులకూ వస్తుంది. పేగుల్లో జియార్డియా అనే పరాన్నజీవి ఉందేమో పెంటికల పరీక్షలో తెలుస్తుంది. ఈ రోజుల్లో ముందు బూంది పని, తర్వాత రవ్వ పని, ఆపైన చేతులు సబ్బుతో కడుక్కోవడం. చించిల్లాలు బొచ్చు శుభ్రం చేసుకోవడానికి మెత్తటి దుమ్ములో పొర్లుతాయి కదా, ఆ దుమ్ము స్నానం గిన్నె కూడా వేరువేరుగా ఉండాలి.

డాక్టరు సరేనన్నాక రెండు కేజ్‌లనూ ఒకే గదిలోకి తెండి. మధ్యలో నాలుగైదు అంగుళాల ఖాళీ తప్పనిసరి. ఊచలు తగిలేలా పెడితే ఊచల మీద ఆనించిన కాలివేలు అవతలి దాని నోట్లోకి పోతుంది. కాలివేళ్లు తెగేది ఇలాంటప్పుడే. ఇక్కడి నుంచి మీ పని తొందరపడకుండా వాసనలు మార్చడం. ఇవాళ బూంది పడుకునే చెక్క ఇల్లు రవ్వకు, రవ్వది బూందికి. ఎల్లుండి దుమ్ము స్నానం గిన్నె. బూంది పొర్లాడిన దుమ్ములోనే రవ్వ పొర్లాడాలి, దాని ఒంటికి దీని వాసన అంటాలి. కొన్నాళ్లకు కేజ్‌లే మార్చండి, దీనిలో అది, దానిలో ఇది, ఒక రాత్రి.

ఏం జరుగుతోందో అవే చెబుతాయి. కొత్త వాసన తగిలిన చెక్క ఇంటిని మొదటి రోజు బూంది మూలమూలా మూతి పెట్టి చూస్తుంది, పళ్లు టకటకలాడిస్తుంది, దాని మీద మూత్రం పోస్తుంది. వారం పోయాక అదే ఇంట్లోకి దూరి మామూలుగా నిద్రపోతే ఒక మెట్టు ఎక్కినట్టు. ఊచల దగ్గర రెండూ ఎదురెదురుగా కూర్చుని గడ్డి నములుతున్నా, ఒకటి పడుకున్న వైపే రెండోదీ పడుకుంటున్నా మంచి సూచనే. ఒకదాన్ని చూడగానే రెండోది నిలబడి మొరిగినట్టు అరుస్తున్నా, ఊచల మీదికి దూకుతున్నా ఇంకా సమయం కాలేదు. ఈ దశ కొన్నింటికి రెండు వారాలు, కొన్నింటికి నెలలు. క్యాలెండర్ చూసి ముందుకు వెళ్లవద్దు, వాటి తీరు చూసి వెళ్లండి.

తర్వాతి మెట్టు, ఎవరిదీ కాని చోటు. మన ఇళ్లలో దీనికి బాత్రూమ్‌ను మించింది లేదు. కమోడ్ మూత వేసేయండి, బకెట్లు, బ్రష్షులు, చాపలు బయట పెట్టండి, సింకు వెనక సందులు అట్టతో మూసేయండి. సాయంత్రం ఎనిమిది దాటాక, అవి చురుగ్గా ఉన్నప్పుడు మీరూ మీవారూ నేల మీద కూర్చోండి. పాప మొదటి రెండు మూడుసార్లు తలుపు బయటే ఉండాలి, ఇది మాత్రం గట్టిగా చెప్పండి. లోపల పెద్ద దుమ్ము గిన్నె ఒకటి, గడ్డి రెండు కుప్పలు. పది పదిహేను నిమిషాలు చాలు. చేతిలో మందపాటి టవల్, పక్కన చెత్త ఎత్తే చేట ఉంచుకోండి. పోట్లాట మొదలైతే మధ్యలోకి చేట దూర్చాలి, చేయి పెట్టకూడదు. కోపంలో ఉన్న చించిల్లాకు మీ వేలు ఎవరిదో తెలియదు.

ఆ పదిహేను నిమిషాల్లో చూడబోయేది మీకు కాస్త కంగారు పుట్టిస్తుంది. ఒకటి రెండోదాన్ని తరుముతుంది, మీదికెక్కుతుంది, మెడ దగ్గర బొచ్చు కొరికినట్టు చేస్తుంది. మీదికెక్కడం పెత్తనం చూపించడానికి కూడా, రెండు మగవాటి మధ్యా, రెండు ఆడవాటి మధ్యా కనిపిస్తుంది. తరిమించుకున్నది ఆగి, సర్దుకుని, మళ్లీ గడ్డి తింటుంటే జోక్యం చేసుకోవద్దు. పెద్దరికం ఎవరిదో వాటికవే తేల్చుకోవాలి, అది తేలకుండా స్నేహం లేదు. కానీ ఒకదాన్ని మూలకు తోసి వదలకుండా కరవడానికి చూస్తుంటే, వెంట్రుకలు గుత్తులుగా లేస్తుంటే, తరిమించుకునేది కీచుమంటూ గోడలెక్కుతుంటే, రక్తం చుక్క కనబడితే వెంటనే ఆపేయాలి. రక్తం వచ్చిన జంటను మళ్లీ కేజ్‌లు పక్కపక్కన పెట్టే దశకు తీసుకెళ్లాలి, మొదటి నుంచీ. రెండోసారి కూడా రక్తం వస్తే నేనైతే అక్కడితో ఆపేస్తాను.

ఇలాంటి భేటీలు ప్రశాంతంగా సాగి, ఒకటి రెండోదాని చెవి వెనక, కళ్ల చుట్టూ మెల్లగా నాకుతూ దువ్వడం, రెండోది కళ్లు మూసి తల వంచడం చూశారంటే సగం పైగా పని అయిపోయినట్టే. నటించడం వాటికి చేతకాదు.

అప్పుడే ఒకే కేజ్. బూంది పాత కేజ్‌లోకి రవ్వను తేవడం కాకుండా, పెద్ద కేజ్‌ను వెనిగర్ కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టి, అరలన్నీ స్థానాలు మార్చి బిగించి, రెండింటినీ ఒకేసారి వదలండి. నీళ్ల సీసాలు రెండు, గడ్డి పెట్టేవి రెండు, గుళికల మేత గిన్నెలు రెండు, వీలైనంత ఎడంగా. చెక్క ఇళ్లకు రెండేసి ద్వారాలు ఉండాలి. ఒక్క ద్వారం ఉన్న ఇల్లు చించిల్లాకు ఉచ్చు. శుక్రవారం సాయంత్రం మొదలుపెడితే శని, ఆదివారాలు మీరు ఇంట్లో ఉంటారు. మొదటి రాత్రి మీలో ఒకరు ఆ గదిలోనే పడుకోండి.

వెనీలా సంగతి. రెండింటి ముక్కులకూ వాసన రాస్తే తేడా తెలియదని ఆ ఉపాయం. ఆ వాసన కాసేపటికి పోతుంది, పోగానే ఎదురుగా ఉన్నది కొత్తదే. పైగా చాలా ఎసెన్సుల్లో ఆల్కహాలు ఉంటుంది, ముక్కుకు రాయడం దేనికి? రెండింటినీ చిన్న పెట్టెలో కుక్కి కారులో తిప్పితే భయంతో అతుక్కుపోతాయని ఇంకొందరు చెబుతారు. అవి అతుక్కునేది బెదురుతో, చెలిమితో కాదు. టెక్సాస్ ఎండలో కారు ప్రయోగం అసలే వద్దు.

కిస్‌మిస్ విషయంలో పాపకు నిరాశ తప్పదు. ఇష్టంగా తింటాయి, నిజమే, కానీ వీటి పొట్ట ఎండుగడ్డి కోసం తయారైంది, చక్కెర కోసం కాదు. టిమోతీ అనే రకం ఎండుగడ్డి రోజంతా ముందు ఉండాలి. ఊరించడానికి ఏదైనా కావాలంటే మందులు కొట్టని ఎండు గులాబీ రెక్క ఒకటి చాలు. పైగా పోట్లాడుకునే రెండింటి మధ్య ఒక్క రుచికరమైన ముక్క పెడితే ఏమవుతుందో ఇద్దరు పిల్లలున్న ఏ తల్లినడిగినా చెబుతుంది.

ఏసీ మాత్రం ఇవాళే మార్చండి. 78 మనుషులకు పొదుపు, చించిల్లాకు గండం అంచు. అవి ఉన్న గది 70 దాటకుండా ఉంటే మంచిది. 80 దగ్గర, అందులోనూ గాలిలో తేమ ఉంటే, వడదెబ్బ తగులుతుంది. ఒళ్లు చల్లబరచుకోవడానికి వాటికి ఉన్నవి ప్రధానంగా ఆ పెద్ద చెవులే. చెవులు ఎర్రబడి, నేలకు కరుచుకుని పడుకుందంటే ప్రమాదంలో ఉన్నట్టు. భేటీలప్పుడు పరుగులు పెడతాయి కనుక బాత్రూమ్ ఇంకా చల్లగా ఉండాలి. ఈ ఉత్తరం చదివి ముచ్చటపడే హైదరాబాద్, విజయవాడ పాఠకులకు ఒక మాట. మన ఏప్రిల్, మే నెలల్లో ఒక్క మధ్యాహ్నం కరెంటు పోతే ఈ జంతువు బతకడం కష్టం. సరదాకు తెచ్చుకోవద్దు.

బూందికి నిజంగా తోడు కావాలా అన్నది మీరు అడగలేదు, నేను అడుగుతున్నాను. పగలంతా పడుకుని ఉంటుందన్నారు. అది దిగులు కాదు, వాటి అలవాటే పగలు నిద్ర, సాయంత్రం నుంచి మెలకువ. తింటోంది, దూకుతోంది, పాప భుజమెక్కుతోంది అంటే బూంది బాగానే ఉంది. రవ్వ ఊచల అవతల ఉన్నా వాసన, అలికిడి అందుతూ ఉంటాయి, చాలా చించిల్లాలకు ఆ మాత్రం సహవాసం సరిపోతుంది. పాపకు చెప్పేటప్పుడు ‘ఎప్పుడో కలుస్తాయిలే’ అని ఊరించకండి. ‘పక్కపక్క ఇళ్లలో ఉంటాయి, ఇష్టపడితే ఒకే ఇంట్లోకి మారతాయి’ అని చెప్పండి. ఇంకో సంగతి. ఇవి పది పదిహేనేళ్లు బతుకుతాయి, ఇరవై దాకా బతికినవీ ఉన్నాయి. పాప కాలేజీకి వెళ్లాక రెండు కేజ్‌లు కడగాల్సింది మీరిద్దరే. మీవారితో మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా వేసుకోండి.

డిసెంబరు గడువు వదిలేయండి. ప్రయాణానికి ముందు ఒకే కేజ్‌లో చేర్చి, వీటి తీరు తెలియని స్నేహితులకు అప్పగించి విమానం ఎక్కడం నేను ఒప్పుకోను. మీరు లేనప్పుడు ఎంత సఖ్యంగా ఉన్నట్టు కనిపించినా విడివిడిగానే ఉండాలి. చూసుకునేవాళ్లకు కాగితం మీద నాలుగు ముక్కలు రాసివ్వండి: గది 70 దాటకూడదు, గడ్డి ఎప్పుడూ ఉండాలి, కేజ్ తలుపులు రెండూ ఒకేసారి తెరవకూడదు, తిండి మానేస్తే అదే రోజు ఈ నంబరుకు ఫోను చేయాలి. డాక్టరు నంబరు రాసి, మీ ప్రయాణం తేదీలు ఆ ఆసుపత్రికి కూడా ముందే చెప్పి ఉంచండి. బాత్రూమ్ భేటీలు తిరిగొచ్చాక, జెట్‌లాగ్ తీరాక మొదలుపెట్టవచ్చు.